మా వరస దూలం కోసిన గురువారం

రోహిణి కార్తె ఆఖరి గురువారం, ఉదయం ఏడు గంటలు. సంవత్సరం యాభై అయిదు. చోడవరం తాలూకా ఆఫీసులో గంట కొట్టడం ఆగింది, మా వీధి మగాళ్ళు నిచ్చెనలు వేశారు.

ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న మన ఊరి పాత వీధుల గురించి మీటింగు పెట్టారు. మా వీధి పాత ఫొటోకి పూలదండ వేశారు. "ఆ వరస ఇళ్ళను కాలం మింగేసింది" అన్నాడు మైకు పట్టుకున్న పెద్దమనిషి. తర్వాత నాకు శాలువా కప్పబోయారు. వద్దన్నాను. కాలం చేతిలో రంపం ఉంటుందా? కోయించింది మనిషి. అప్పట్లో నాకు చదువు రాదు. అరవై దాటాక మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. ఇప్పుడు వచ్చు, అందుకే రాస్తున్నాను.

పది గడపలకి ఒకటే కప్పు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే మట్టిగోడ. పైన ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకదాని కొస పక్కన ఇంకొకటి ఆనించిన తాటిదూలాలు, వాటి మీద నాటు పెంకు. ముందు వీధి వసారా అడ్డుగోడ లేకుండా సాగిపోయేది. వానలో మొదటి ఇంట్లో నిప్పు అడిగి తెచ్చుకుంటే ఆఖరి ఇంటి దాకా ఆరకుండా వచ్చేది. అక్కడ అందరం ప్రేమగా ఉన్నామని మాత్రం చెప్పను. పక్కింట్లో పోపు మాడితే మా కళ్ళు మండేవి. ఎవరికీ ఎవరితోనూ పడేది కాదు. కానీ ఒక్కడు తన కప్పు మీద నడిస్తే పక్కవాడి పెంకు పగిలేది. అందుకని ఏటా వానలకి ముందు ఒకరోజు వరసంతా కలిసి పెంకు సర్దుకునేవారు. మాటలు మానుకున్నవాళ్ళు కూడా ఆ రోజు ఒకే నిచ్చెన పట్టుకునేవారు. ఏ ఇంటి దగ్గర మొదలుపెడితే ఆ ఇంటివాళ్ళు అందరికీ భోజనం పెట్టాలి.

వరస నడిమధ్య, మా పక్క ఇల్లు, బెల్లం వర్తకుడిది. బుచ్చయ్యపేట, రోలుగుంట బెల్లం బళ్ళన్నీ వాడి గుమ్మం ముందే ఆగేవి. ఇల్లు తీసేసి డాబా వేస్తానని రెండేళ్ళుగా అడుగుతున్నాడు. వరస ఒప్పుకోలేదు. అందరికన్నా గట్టిగా కాదన్నది మా అత్త. మా దూలం కొస వాడి గోడ మీదే ఆనింది మరి. అది కదిలితే మాకు కప్పు లేదు.

ఆ ఏడు వాడే వచ్చి, "ఈపాలి మా ఇంటికాడ మొదలెట్టండి. బోయినాలు నావి" అన్నాడు.

"బెల్లం దిమ్మ మీద ఈగ వాల్తే దాని కాళ్ళు కడిగి మరీ పంపేవోడు, ఊరికే కూడెడతాడా?" అంది మా అత్త. అందరూ నవ్వారు. ఎవరూ వినలేదు.

మగాళ్ళు వాడి కప్పెక్కి పెంకు దించారు. ఆడవాళ్ళం వరసగా నిలబడి చేతి నుంచి చేతికి అందుకుని పేర్చాం. వాసాలు బయటపడ్డాయి. పగిలినవి ఏరేశాక, మంచివి తిరిగి ఎక్కిద్దామని మా ఆయన పై నుంచి చెయ్యి చాచాడు.

"ఇంక ఎక్కించకండి, సాల్లే. దిగు తమ్ముడూ" అన్నాడు వర్తకుడు.

దొడ్డిదారిన ఇద్దరు రంపం పట్టుకుని వచ్చారు. అనకాపల్లి నుంచి ముందు రోజే రప్పించి దాచాడట. మాకప్పుడు అర్థమైంది. రెండేళ్ళు కాదన్న కప్పుని మా చేతులతో మేమే విప్పి ఇచ్చాం.

"ఏటిరా ఇది?" అంది మా అత్త.

"డాబా ఏస్తన్నాను పిన్నీ. నా ఇల్లు, నా దూలం."

"నీ గోడ మీద నా దూలం కూకుందిరా ఎదవా! ఈ వసారా పొడుగునా దోగాడి పదిళ్ళలోనూ ఉచ్చోసినోడివి. అప్పుడు తెల్దేటి ఏది నీ ఇల్లో?"

"రోజులు మారిపోనాయి పిన్నీ. ఊరు టౌనవుతంది. ఎన్నాళ్ళీ పెంకుల కింద?"

"టౌను నువ్వు కట్టుకో. నా నెత్తి మీద మాత్రం ఆకాశం ఎట్టకు."

వెళ్ళి వాడి దూలం కింద కాళ్ళు చాపుకుని కూర్చుంది. రంపం వాళ్ళు ఆగిపోయారు. "ముసిల్దాని మీద పడితే మా మీద కేసవుద్ది బాబూ" అన్నాడు ఒకడు. మా అత్త మగాళ్ళ వైపు తిరిగింది.

"ఒక్కడూ మాటాడడేటి? పెంకులతో పాటు నాలికలు కూడా దించేసినారా?"

వర్తకుడు పెట్టిన వంటవాడు వచ్చి విస్తళ్ళు వెయ్యమంటారా అని అడిగాడు. పులుసు వాసన వీధంతా కమ్ముకుంది. వర్తకుడు మా ఆయన వైపు చూశాడు. మా బెల్లం కొనేది వాడే. మా ఆయన తల్లి దగ్గరికి వెళ్ళాడు.

"లెగమ్మా. ఎందుకొచ్చిన గొడవ."

"ఒగ్గీరా నన్ను!"

రెండు చంకల్లో చేతులు వేసి ఎత్తాడు. ఆవిడ కొడుకు చేతిని రక్తం వచ్చేలా గీరింది. తీసుకొచ్చి మా వసారాలో దించాడు. "నువ్వు దించిన పెంకు నువ్వే ఎక్కించు" అన్నాను నేను, దారికి అడ్డంగా నిలబడి. "నువ్వు లోనికెల్లు" అన్నాడు.

దూలం కోశారు, గోడ పైభాగం తోశారు. మా దూలం కొస జానెడు కిందికి దిగింది. పొయ్యి మీద అన్నం నిండా మట్టి.

తొలకరికి మా వంటిల్లు తప్ప అంతా నాని కూలింది. ఆ వానాకాలం మా అత్త తాటాకు చాప కప్పుకుని పొయ్యి పక్కనే గడిపింది. మరుసటి ఏడు పెంకు సర్దడానికి ఎవరూ ఎవరినీ పిలవలేదు. తర్వాత ఒక్కొక్కడూ తన ముక్క తాను తీసుకుని డాబా వేసుకున్నాడు. మొన్న మీటింగు పెట్టింది కూడా ఆ వర్తకుడి డాబా మీదే. కూల్చిన చోటే కుర్చీలు వేసుకుని కూలిపోయిందని ఏడ్చారు.

ఫొటో కింద ఏదైనా రాయాలనుకుంటే, ఆ రోజు అక్కడ ఎవరున్నారో రాయండి. పేర్లు చెప్పను, గుర్తులు చాలు. బెల్లం వర్తకుడు. తలుపు చాటు నుంచి చూసిన వాడి పెళ్ళాం. రంపం వాళ్ళిద్దరు, వంటవాడు. కొస ఇంటి నేతగాళ్ళు, అన్నదమ్ములు. ఆ దూలం ఎక్కడ కోయాలో వేలు పెట్టి చూపించిన మన వీధి వడ్రంగి. సెలవు పెట్టి వచ్చిన తాలూకా ఆఫీసు బంట్రోతు. చెరుకు రైతులు నలుగురు, వాళ్ళ ఆడవాళ్ళు. వీళ్ళంతా ఆ దుమ్ములోనే కూర్చుని వాడి విందు తిన్నారు. మా ఆయన కూడా ఉన్నాడు. పులుసు రెండోసారి పోయించుకున్నాడు. తినకుండా లోపలికి పోయింది మా అత్త. విస్తళ్ళు ఎత్తమంటే ఎత్తనన్నది నేను.