నూరు లెక్కపెట్టేదాకా

నా చిన్నప్పుడు మా ఊరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. రాష్ట్రం ఏర్పడి నాలుగైదేళ్లయి ఉంటుంది. మాది మార్కాపురం దగ్గర, పలకరాయి గనులను ఆనుకుని ఉన్న పల్లె. నాయన గనిలో రాయి తీసేవాడు, అమ్మ షెడ్డులో పలకలు చీల్చేది. మూడో ఏట వచ్చిన జ్వరంతో నా కాళ్లలో బలం పోయింది. పొద్దున నాయన నన్ను భుజాన వేసుకుని బడిలో దించి పనికి పోయేవాడు. నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆయన నడుము పట్టేసింది. ఈ నెలాఖరుకు బడి మానిపిద్దామని ఇంట్లో అనుకోవడం నా చెవిన పడింది.

ఆ మాట మా మేనమామ చెవిన కూడా పడింది. ఆయన మార్కాపురంలో సైకిళ్లు బాగుచేసేవాడు. చదివింది మూడో తరగతి. అయినా దేనికైనా లెక్క కట్టి చూడనిదే ఊరుకునేవాడు కాదు. విరిగిన పలకముక్క ఒకటి ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది. పాత సైకిలు చక్రాలు మూడు తెచ్చి, వాటి మీద చెక్కపీట బిగించి, పెడళ్లను నా రొమ్ము ఎత్తున అమర్చి, చేత్తో తిప్పుకుంటూ పోయే బండి ఒకటి చేశాడు. చేతుల దగ్గర నలభై నాలుగు పళ్ల పెద్ద చక్రం, బండి చక్రానికి పద్దెనిమిది పళ్ల చిన్నది, మధ్యలో గొలుసు. సైకిలుకు ఉన్నట్టే.

కళ్లంలో ఎక్కించాడు. ఒక్క తిప్పుకు బండి ఆరు గజాలు పోయింది. పేడతో అలికిన నేల మీద నేను కోడిపిల్లల్ని చెదరగొడుతూ మూడు చుట్లు కొట్టాను. అంత వేగంగా నేను ఎప్పుడూ, ఎక్కడికీ పోలేదు.

మర్నాడు బడి దారి పట్టాం. మా ఇంటి నుంచి బడికి ఎనిమిది వందల గజాలు, అందులో చివరి అరవై గజాలు ఎత్తెక్కే గట్టు. మా వైపు దారి బురదైతే చాలు, షెడ్ల దగ్గర కుప్పపడిన పలకతుక్కు తెచ్చి పోస్తారు. కాళ్లకు అది బాగానే ఉంటుంది. చక్రం కింద మాత్రం రేకు రేకుగా జారుతుంది. గట్టు మీద నాలుగు గజాలు ఎక్కేసరికి పెడళ్లు బిగుసుకున్నాయి. బండి వెనక్కి జారి పక్కకు పడింది, నా మోచేయి కోసుకుంది. నాయన నడుము పట్టుకునే వచ్చి లేపాడు. అమ్మ, “చాల్లే తమ్ముడా, దాని రాత అట్ల ఉంటే నువ్వేం చేస్తావు,” అంది.

మామ పలకముక్క తీసి తన లెక్క మళ్లీ చూశాడు. “తప్పు నాది పాపా. కళ్లంలో తిప్పి చూసి గట్టుకు బండి చేసినా,” అన్నాడు.

సాయంత్రం గొర్రెబొచ్చు కొనేవాళ్ల దగ్గర నుంచి కొక్కెం కాటా అడిగి తెచ్చాడు. పౌండ్ల అంకెలున్న పాతకాలంది. నన్ను బండిలో కూర్చోబెట్టి, కాటాకు తాడు కట్టి గట్టు మీదికి నిదానంగా లాగాడు. ముల్లు పద్దెనిమిది పౌండ్ల దగ్గర నిలిచింది. బండి చక్రం పెద్దది, చేతిపిడి పొట్టిది కాబట్టి, రెండు వైపులా సమానమైన పళ్లుంటే నా చేతుల మీద ముప్పై ఆరు పడుతుందని చెప్పాడు. ఆయన బిగించినట్టు అయితే ఎనభై ఎనిమిది.

“అంటే కాడెద్దు కావాల,” అన్నాడు నాయన.

తర్వాత మామ కాటాను గుంజకు కట్టి నన్ను లాగమన్నాడు. బడి ఉంటుందా పోతుందా అనేది ఆ ముల్లు మీదే ఉందని నాకు తెలుసు. పంటి బిగువున ఒక్క గుంజు గుంజాను. నలభై!

“చూసినావా మామా! సమానం పళ్లు పెట్టు చాలు!”

“అది గుంజుడు. ఇప్పుడు నేను నూరు లెక్కపెడతా, గట్టెక్కేదానికి అంతసేపు పడతాది. ముల్లు దిగకుండా పట్టు.”

పది అనేలోపే ముప్పైకి దిగింది. నలభై అనేసరికి ఇరవై. నూరు దగ్గర ముల్లు పదహారు మీద ఉంది. ఏడుపొచ్చింది. “నలభై అని రాసుకో మామా,” అన్నాను.

“రాసుకుంటా. గట్టు మధ్యలో తక్కువబడే ఇరవై నాలుగు ఎవరిస్తారు? మీ నాయనా?”

నాయన నడుము మీది చెయ్యి తీయలేదు.

మామ పలక మీద పదహారు వేసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు. ఆ రాత్రే పళ్ల చక్రాలు మార్చి బిగించాడు. చిన్నది చేతుల దగ్గరికి, పెద్దది బండి చక్రానికి. ఇప్పుడు చేతుల మీద పడేది పదిహేను. ఒక పౌండు మిగులు. ఒక తిప్పుకు బండి ఆరు గజాలు కాదు, ఒక్క గజం పోతుంది.

పొద్దున పక్కింటి పెద్దమ్మ చూసి, “ఇదేందబ్బా, తలకిందులుగా బిగించినావు? చీమ దీనికంటే ముందు పోతాది,” అంది.

“పోనీలే పెద్దమ్మా. చీమకు బడి ఏడుంది?” అన్నాడు మామ.

దారిలో పిల్లలంతా నన్ను దాటిపోయారు. కొందరు వెనక్కి తిరిగి నడిచి మరీ వెక్కిరించారు. నేను తిప్పులు లెక్కపెట్టుకుంటూ పోయాను. ఏడు వందల నలభై దగ్గర గట్టు మొదలైంది. తుక్కు కరకరలాడింది, చేతులు మండాయి, బండి మాత్రం ఆగలేదు. అమ్మ నా వెనకే రెండు చేతులూ చాపి నడుస్తోంది. ఆమె నీడ నా ముందు పడుతోంది, అందుకే తెలిసింది. ఎనిమిది వందల తిప్పుకు గట్టు పైన ఉన్నాను. నీడలో చేతులు మెల్లగా కిందికి దిగాయి. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని షెడ్డుకు పోయింది. బడి గంట అప్పటికే కొట్టేశారు. మర్నాటి నుంచి ముందే బయల్దేరాను. ఆ బండిలో అయిదేళ్లు బడికి పోయాను. నాకు వచ్చిన లెక్కల్లో సగం ఆ దారిలో తిప్పులు లెక్కపెడుతూ వచ్చినవే.

మొన్న మా తమ్ముడి మనవడు తన బుల్లి బ్యాటరీ కారు తెచ్చి నా ముందు పెట్టాడు. ఇంటి ముందు వాలు ఎక్కడం లేదు. వేగం పెరగాలని తనే కారు చక్రానికి చిన్న పళ్ల చక్రం వేయించుకున్నాడు. “మోటారు మీద బలం ఎంతో రాసే ఉంది కదా అవ్వా,” అంటాడు. అది గుంజుడు లెక్క నాయనా అన్నాను. కొక్కెం కాటా తెప్పించి, వాలు మీద కారును లాగి చూపించి, మోటారు వేడెక్కేదాకా తిప్పి ఆ తర్వాత ఎంత లాగుతుందో చూడమన్నాను. వచ్చిన అంకె చూసి వాడి మొహం నాడు నా మొహం అయినట్టే అయింది. పెద్ద పళ్ల చక్రం వేయించుకుని వచ్చాడు.

ఇప్పటికీ ఏ పనైనా ఒప్పుకునే ముందు నేను నలభైని పక్కన పెట్టి, మనసులో నూరు దాకా లెక్కపెడతాను. చివరికి ముల్లు ఎక్కడ నిలిస్తే అంతే మాట ఇస్తాను.