వేడి ఊటలో ఉప్పు

గొంతు పట్టేసిందని ఈ పొద్దున గోరువెచ్చని నీళ్లలో కల్లుప్పు వేసుకుని పుక్కిలించాను. ఆ వెచ్చదనం, ఆ ఉప్పదనం నాలుకకు తగలగానే మునిరత్నం సార్ గుర్తొచ్చి, గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తిరువళ్ళూరులో మా నీటి పరీక్షల ల్యాబుకు ఆయనే పెద్ద. పళ్ళిపట్టు మగ్గాల ఇంటి నుంచి వచ్చిన నాకు సీసా కడగడం దగ్గర నుంచి అన్నీ ఆయనే నేర్పారు.

పళ్ళిపట్టు అవతల కొండ కింద ఒక వేడి ఊట ఉంది. రాతి పగులులోంచి వచ్చే నీళ్లు చిన్న గుంటలో నిలుస్తాయి, జనం అందులో స్నానాలు చేస్తారు. అవి ఎక్కడి నీళ్లో తేల్చే పని మొదటిసారి నా ఒక్కదానికే అప్పగించారు. గుంటలో నీళ్లు పట్టుకొచ్చి పరీక్షిస్తే, అబ్బో, ఎంత ఉప్పో! ఎంతో లోతున దాగిన ఏనాటి ఉప్పునీరో పైకొస్తోందని రిపోర్టు రాసేసి, ఇంట్లో డప్పు కూడా కొట్టుకున్నాను. సార్ చదివి కళ్లద్దాలు తీశారు.

"ఆడ స్నానం చేసేవాళ్లను ఏమన్నా అడిగినావామ్మా?"

"నీళ్లను పరీక్ష చేసినా కదా సార్, వాళ్లనెందుకు అడగాల?"

"పులిపిర్లు పోవాలని మీయమ్మ నిన్ను యాడికీ పిల్చుకోని పోలేదా? నీళ్లలో ఉప్పు ఎయ్యమన్లేదా?"

వేశాను! చిన్నప్పుడు నా చేత్తో నేనే వేశాను. ఉప్పు కరిగినట్టే రోగం కరుగుతుందని మా వైపు నమ్మకం. గుంటలో ఉన్నది పాతాళం ఉప్పు కాదు, స్నానానికొచ్చేవాళ్లు వేసిన అంగడి ఉప్పు. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు సార్ నాతో బస్సెక్కి వచ్చి, రాతి పగులు దగ్గరే సీసా పట్టించారు. అందులో ఉప్పు లేనట్టే. రాతి నుంచి కరిగిన సిలికా మాత్రం దండిగా ఉంది. చుట్టుపక్కల బావుల నీళ్లతో కూడా పోల్చి చూశాక, కొండమీద పడిన వానే లోపలికి దిగి, కాగి, మళ్లీ పైకొస్తోందని తేలింది.

అప్పటినుంచి నెలనెలా పగులు దగ్గర ఒకటి, గుంటలో ఒకటి, రెండు సీసాలు నింపేదాన్ని. రెండేళ్లకు సార్‌కు కిడ్నీలు చెడ్డాయి. ఉప్పు ముట్టొద్దన్నారు డాక్టర్లు. మంచంమీద నుంచే నా అంకెలు చూసేవారు. ఒక నెల ఊట దగ్గర ఎవరూ లేనప్పుడు, ఆయన పేరు చెప్పుకుని రెండు పాకెట్ల ఉప్పు గుంటలో పోశాను. ముందు సీసా నింపుకోవాలన్న ఇంగితం కూడా లేకపోయింది నాకు.

పగులు దగ్గరి అంకె ఎప్పటిలాగే ఉంది, గుంటది మాత్రం ఎగిరింది. సార్ చాలాసేపు కాగితం చూశారు.

"ఈ ఉప్పు యాడిదమ్మా?"

"ఎవురో భక్తులు ఏసుంటారు సార్."

"ఎవురికోసరం ఏసినారో?"

తల వంచుకున్నాను. ఆయన కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నారు. "పరవాలేదులే. రిపోర్టులో మాత్రం శాంపిలు చెడిందని రాసెయ్."

రాశాను. మరుసటి నెల అంకెలు చూడ్డానికి ఆయన లేరు.

ఇప్పటికీ ఊటకు వెళ్తాను. ముందు రెండు సీసాలూ నింపి, మూత బిగిస్తాను. తర్వాత గుప్పెడు ఉప్పు గుంటలో వేస్తాను. కరగాల్సిన రోగమేమీ లేదని తెలుసు. ఈ ఉప్పు యాడిదమ్మా అని ఆయన ఇంకొక్కసారి అడగాలి, అంతే.