రెండుసార్లు రైట్

మా తమ్ముడు యుద్ధంలో పోయాడంటే జనం వెంటనే చేతులు జోడిస్తారు. ఎలా పోయాడని మాత్రం అడక్కూడదు. అడిగితే విమానదళం ఆఫీసువాళ్ళు చెప్పిన ముక్కే చెప్పాలి: "హెచ్చరిక విని కూడా పాటించలేదు." బాంబులు వేసి తిరిగొస్తున్న విమానం కొండకు కొట్టుకుంది, వెనక తోకలో కూర్చున్న గన్నర్ ఒక్కడు తప్ప అందరూ పోయారు, నడిపింది మావాడు, తప్పు పైలట్‌ది. ఇరవై మూడేళ్ళ కుర్రాడి బతుకంతా ఆ ముక్కలో కుక్కేసి చేతులు దులుపుకున్నారు మహానుభావులు.

నాకు ఒళ్ళు మండింది. మా నాన్న సంగతి అది కాదు. ఆయన బస్సు డ్రైవరు, సర్వీసంతా బండికి గీత పడనివ్వని మనిషి. కొడుకు పోయాడన్న వార్తకు కూలబడి, ఎలాగో లేచాడు. ఈ ముక్క విన్నాక మాత్రం లేవలేదు. డ్యూటీకి సెలవు పెట్టేసి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, పలకరించడానికి ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న.

"చెప్పినా వినలేదట. వాడెందుకు వినడండీ?"

ఒకాయన, "కుర్రతనం కదండీ, దుడుకు" అన్నాడు. నేను ఆయన తాగుతున్న కాఫీ గ్లాసు చేతిలోంచి లాక్కుని లోపలికి పోయాను. మర్యాద కాదంటే కాకపోనీ.

దుడుకట! వాణ్ణి పెంచింది నేను. అమ్మ పోయేనాటికి వాడికి సరిగ్గా మాటలు కూడా రావు. నేను బడికి పోవాలి, నాన్న డ్యూటీకి పోవాలి, మరి వీణ్ణి చూసేదెవరు? నాన్న తనతోపాటే బస్సులో తిప్పాడు. డ్రైవరు సీటు పక్కన ఇంజను మీద మూత ఉంటుంది కదా, దాని మీద మడిచిన గోనె, గోనె మీద వీడు. ఆ వేడికి పిర్రలు కమిలేవి. అయినా దిగమంటే రాగం తీసేవాడు. స్టాపు వచ్చిందంటే మెడ సాచి వెనక్కి చూసేవాడు. కండక్టరు "రైట్ రైట్" అనగానే, "పోనీ నాన్నా!" అని కేకేసేవాడు. బస్సంతా నవ్వేది. రైట్ రైట్ అంటే కుడికి తిరగమని కాదనీ, బండి కదిలించమనీ బస్సెక్కే ప్రతివాడికీ తెలిసిందే. మావాడికి మాత్రం 'అత్త', 'తాత' పలకడం రాకముందే తెలుసు.

నాన్న దానికి పాఠం కూడా చెప్పేవాడు. "అద్దంలో ఎంత చూసినా వెనక సంగతి డ్రైవరుకి పూర్తిగా తెలీదురా. తెలిసేది కండక్టరుకి. వాడు రైట్ రైట్ అన్నాడా, ఇంక ఆలోచించకు, పోనీ. అనలేదా, మంత్రిగారొచ్చి కూర్చున్నా కదలకు."

"ముందు వాడికి ఎక్కాలు నేర్పు నాన్నా" అని నేను గొణిగేదాన్ని. ఎక్కాలు ఎలాగో గట్టెక్కాడు. చదువు అయ్యాక నాన్న డిపోలోనే మెకానిక్‌గా చేరాడు. అప్పటికే నేను పక్క షెడ్డులో సీట్లు కుట్టే పనిలో ఉన్నాను. దబ్బనం, నారతాడు, చిరిగిన రెక్సిన్, ఇదీ నా రాజ్యం. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి, నేను అప్పుడే కుట్టిన సీటు మీదే కూర్చుని, గ్రీజు మరకలు చేసి పోయేవాడు వెధవ. తిడితే, "ఎలాగూ జనం చేస్తారు కదే, ముందే చేసిపెట్టాను" అనేవాడు.

యుద్ధం మొదలయ్యాక, మాతో మాట మాత్రమైనా అనకుండా వెళ్ళి పైలట్ పరీక్ష ఇచ్చొచ్చాడు. ఎంపికయ్యాకగానీ నోరు విప్పలేదు. దబ్బనం పట్టుకునే మీదికెళ్ళాను.

"బస్సులు బాగుచేస్తే చాల్లేదుట్రా నీకు?"

"ఇదీ బండే కదే అక్కా. కాస్త ఎత్తున పోతుంది."

"బండిలో జనాన్ని ఎక్కిస్తారు. అందులో బాంబులెక్కిస్తార్రా సన్నాసీ!"

నవ్వేసి తప్పించుకున్నాడు. నాన్నేమో, తన కొడుకు అంత పెద్ద బండి తోలబోతున్నాడని లోలోపల పొంగిపోతున్నాడని నాకు తెలుసు. ఇద్దరి మీదా ఒకేసారి కోపం వచ్చింది నాకు.

మొదటి సెలవుకు వచ్చినప్పుడు మనిషి బాగా చిక్కాడు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని అడిగాను.

"కింద ఇళ్ళుంటాయా?"

"చీకట్లో ఏమీ కనపడదక్కా. విమానం ముక్కులో గురి చూసేవాడొకడు ఉంటాడు. వాడెటు తిప్పమంటే అటు తిప్పుతాను. తర్వాత కిందికి చూడను."

"చూడకపోతే ఇళ్ళు లేకుండా పోతాయిట్రా?"

వాడు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. అడిగినందుకు బాధపడ్డానని మాత్రం అనుకోకండి, అడగాల్సిందే అడిగాను. కానీ జవాబివ్వాల్సింది వాడొక్కడే కాదు కదా. వాణ్ణి పంపినవాళ్ళను అడగడానికి నాకు దారి లేక వాణ్ణి అడిగాను.

సాయంత్రానికి నాన్న దగ్గర చేరి మళ్ళీ ఎప్పటిలా కబుర్లు మొదలెట్టాడు. విమానంలో వాణ్ణి అందరూ డ్రైవర్ అంటారట. తోకలో కూర్చునే గన్నర్ పేరు కండక్టర్. రన్‌వే మీద బయల్దేరే ముందు అందరూ సిద్ధమని తేలాక, ఆ గన్నర్ వెనకనుంచి మైకులో "రైట్ రైట్" అంటాడట. మావాడు "పోనిస్తున్నా" అంటాడట. అప్పుడుగానీ విమానం కదలదట.

"పై ఆఫీసరు విని చీవాట్లు పెట్టాడు నాన్నా. అయినా మానలేదు. అది అనకపోతే ఎవడికీ ధైర్యం చాలదు."

నాన్న నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను, కాదనను. అదే వాడి చివరి సెలవు.

వాడు పోయాక ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. పని బట్టల్లోనే, రెక్సిన్ వాసనతోనే పోయేదాన్ని. ఈ కిటికీలో అడిగితే ఆ కిటికీ అనేవాళ్ళు. ఆ కిటికీలోవాడు భోజనానికి పోయేవాడు. ఎంత సేపు భోంచేస్తారండీ మనుషులు? చివరికి ఒక ఆఫీసరు దొరికాడు.

"ఏం హెచ్చరిక చేశారు? ఎవరు చేశారు? ఏ మాటన్నారు?" అని అడిగాను.

"అవన్నీ రహస్యాలమ్మా."

"కొండకి తెలిసిన రహస్యం నాకు తెలియకూడదా?"

"చూడమ్మా, ఆవేశపడకు" అన్నాడు. ఆవేశపడకేం చేస్తాను? ఇంటికెళ్తే నాన్న ఆ కుర్చీలోంచి నా మొహంలోకి చూసేవాడు. తెలిసిందా అని నోటితో అడగడం కూడా మానేశాడు. ఒక్క జవాబు. నాకు కావలసింది అంతే. వాడు పొగరుబోతై పోలేదని ఆయనకు చెప్పగలిగితే చాలు.

ఒకరోజు షెడ్డులో పాత సీటుకు కొబ్బరిపీచు కూరుతుంటే, చంకకింద కర్రలతో ఒకతను వచ్చి నిలబడ్డాడు. మొహం సగం కాలి మానింది.

"అక్కా, నేను... కండక్టర్ని" అన్నాడు.

కుట్టని సీటు మీదే కూర్చోబెట్టాను. మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు ఖాళీ అయినా కిందపెట్టలేదు.

"ఆరోజు తెల్లారుతోందక్కా. అంతా మబ్బు. అందరికీ బాగా అలసటగా ఉంది. గురి చూసేవాడికి ఎదురుగా కొండ కనపడింది. మామూలుగా మా లెక్కేంటంటే, ఎడమకైతే 'లెఫ్ట్ లెఫ్ట్' అని రెండుసార్లు, కుడికైతే 'రైట్' అని ఒక్కసారే. మోతలో ఒకటి ఇంకోటిగా వినపడకుండా అలా పెట్టారు. గాల్లో ఉండగా రెండుసార్లు రైట్ అనడమంటూ లేనే లేదు. వాడు భయంతో..."

"ఏమన్నాడు?"

"రైట్! రైట్! అని అరిచాడు."

నా చేతిలోంచి దబ్బనం జారింది.

"మీ తమ్ముడు వెంటనే పలికాడక్కా. 'పోనిస్తున్నా' అన్నాడు. మామూలుగా, రోజూ అన్నట్టే. సూటిగా పోనిచ్చాడు." అతను గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "విచారణలో అడిగిందానికే జవాబు చెప్పమన్నారు. హెచ్చరిక చేశారా అంటే చేశారన్నాను. పైలట్ విన్నాడా అంటే విన్నాడన్నాను. మిగతాది నోరు పెగల్లేదు. ఆ అలవాటు చేసింది నేనే కదా."

కొట్టాలనిపించింది. ఏడవాలనిపించింది. రెండూ మానేసి, కర్రలు చేతికిచ్చి, "పద ఆఫీసుకి" అన్నాను.

ఆఫీసరు అంతా విన్నాడు. విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే అపార్థం చేసుకున్నాడు. అదైనా పైలట్ పొరపాటే అవుతుంది కదమ్మా."

"మరి రెండుసార్లు అన్నవాడిది?"

"చనిపోయినవాళ్ళ మీద నింద వేయడం బాగుండదు."

"మావాడేం, బతికున్నాడా?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఒకసారి రాసింది మారదట. గన్నర్ని కూడా రెండో మాట అననివ్వకుండా, ఫైలు మూసేశారని చెప్పి పంపేశారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

మెట్లు దిగుతుంటే గన్నర్ అడిగాడు, "నాన్నగారికి చెప్తారా?"

అక్కడే వచ్చింది చిక్కంతా. చెప్పకపోతే కొడుకు లెక్కలేనివాడనే అనుకుంటూ ఆయన ఆ కుర్చీలోనే కృశించిపోతాడు. చెబితే, ఎవరి పాఠం వాణ్ణి సూటిగా కొండ మీదికి తీసుకెళ్ళిందో ఆయనకు నేను విప్పి చెప్పక్కర్లేదు. నడిచినంతసేపూ చెప్పాలనుకున్నాను, వద్దనుకున్నాను. ఇల్లు దగ్గరైపోయిందని ఇంటిమీద కూడా కోపం వచ్చింది.

నాన్న తలెత్తి చూశాడు. ఆ చూపు ఇంక నావల్ల కాలేదు. ఎదురుగా కింద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

అంతా విన్నాడు. తర్వాత అడిగాడు.

"రెండుసార్లు అన్నాడా?"

"రెండుసార్లే నాన్నా."

"గట్టిగా?"

"గట్టిగానే అన్నాడట."

"అయితే విన్నాడన్నమాట."

"విన్నాడు నాన్నా. చెప్పగానే విన్నాడు." హమ్మయ్య అనుకున్నాను. ఇన్నాళ్ళ తిరుగుడుకీ ఫలితం దక్కిందనుకున్నాను. ఆయన నా తలమీద చెయ్యి వేశాడు.

"నా మాటే విన్నాడు తల్లీ" అన్నాడు. "ఆఫీసువాళ్ళు చెప్పిందే నిజమైతే బాగుండేదే."