కరెంటొచ్చింది, పాట ఆగింది

వెనక ఏ చప్పుడూ లేని పాటొకటి రేపటికల్లా మా రికార్డింగ్ స్కూల్లో ఇవ్వాలి. అందుకే ఈ రోజు మా పెద్దమ్మ ఊరు మల్దకల్ వచ్చి, కరెంటు పోయి పొలాల్లో బోరు మోటార్లన్నీ ఆగేదాకా కాచుకుని, పెద్దమ్మ చేత నాట్ల పాట మొదలుపెట్టించాను. ల్యాప్‌టాప్ బ్యాటరీ పది నిమిషాలకు మించి రాదు. పాట సగంలో ఉండగా బల్బు వెలిగింది. పెద్దమ్మ లేచి నిలబడింది.

"పెద్దమ్మా, జర ఆగు! ఒక్క చరణమే ఉంది."

"పాట యాడికి పోతది బిడ్డా? కరెంటు పోతది!" అంటూ ఇంటి వెనక బోరు దగ్గరికి ఉరికింది.

రికార్డింగ్ ఆపకుండానే మైకూ ల్యాప్‌టాపూ ఎత్తుకుని వెంట పరుగెత్తాను. మోటారు వేసి, మడిలోకి నీళ్లు మళ్లిస్తూ, ఆ చరణం తనంతట తనే అందుకుంది. ఇంట్లో అలా గొంతు విప్పనే లేదు.

ఆ మోటారు మోతను మా సార్ నాయిస్ అంటారు. నేను తీసెయ్యను. మీరైతే తీసేస్తారా?