తప్పిపోని బర్రె

నిన్న మా కోడలు కొత్త బూట్లు కొనుక్కొచ్చి, రేపటి నుంచి తానూ పొద్దున్నే నడకకు పోతానని ఊరంతటికీ వినపడేలా చెబుతుంటే, నడకనే దొంగతనంలా దాచుకున్న కాలం ఒకటి మా నారాయణఖేడ్‌లో ఉండేదని, ఆ దొంగను పట్టుకున్నది నేనేనని గుర్తొచ్చింది.

అప్పటికి మా బావ, అంటే మా ఆయన అన్న, జొన్నచేలో కుప్పకూలి ప్రాణం వదిలి ఎన్నాళ్లో కాలేదు. తలలో నరం చిట్లిందన్నారు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే తీరు, పచ్చడి లేనిదే ముద్ద దిగదు, బుగ్గలో జర్దా లేనిదే మాట రాదు. పైగా మా ఆయన పొద్దస్తమానం కిరాణా దుకాణంలో కూర్చునే మనిషి. భయపడి బీదర్ దవాఖానకు తీసుకుపోతే, డాక్టరు బీపీ చూసి, జర్దా మాని, ఉప్పు తగ్గించి, రోజూ నడవకపోతే అన్న దారే పడతావన్నాడు. ఈయన బుద్ధిగా తలూపాడు. ఆ తలూపడాన్ని నేను నమ్మలేదు.

కొన్నాళ్లకు తెల్లవారకముందే చప్పుడు లేకుండా బయటికి పోయి, చెమటలు కక్కుతూ రావడం మొదలుపెట్టాడు. నోట్లో లవంగం వాసన. జర్దా వాసన దాచడానికేనని అంగీ జేబులు తడిమాను, ఏమీ దొరకలేదు. “మొగోని మాట అట్లనే నమ్మకు బిడ్డా,” అని అత్తమ్మ నా అనుమానానికి ఇంకాస్త ఆజ్యం పోసింది. ఒకనాడు కొట్టంలో చూద్దును కదా, బర్రె కట్టుగొయ్య దగ్గరే ఉంది, చూరుకు వేలాడే పలుపుతాడు మాత్రం లేదు. అన్న పోయినప్పటి నుంచి సరిగా మాట్లాడని మనిషి, చేతిలో తాడు! చెప్పులైనా వేసుకోకుండా, పక్కింటామె చూపించిన నాగల్‌గిద్ద బాటన పరుగెత్తాను.

ఊరు దాటాక కనిపించాడు. భుజాన తాడు, పక్కన దర్జీ పని చేసే సాయిబు దోస్తు, ఇద్దరూ ఎవరో తరుముతున్నట్టు నడుస్తున్నారు. కందిచేలోంచి ఒకాయన, “ఏంది సేటూ, బర్రె ఇంక దొరకలేదా?” అని కేకేశాడు. “లేదే, గిటే ఎటో పోయినట్టుంది,” అన్నాడు మా ఆయన.

“ఏ బర్రె? మనది కొట్టంలనే ఉన్నది గద!” అన్నాను వెనక నుంచి.

ఇద్దరూ బిక్కచచ్చి నిలబడిపోయారు. దోస్తే ముందు తేరుకుని, “పరేషాన్ గాకు భాభీ, నాకు షుగరు, ఈనకు బీపీ, ఇద్దరం గా ఒక్క బర్రెనే దేవులాడుతున్నం,” అన్నాడు.

“ఉట్టిగ నడుస్తె పని లేనోడని నవ్వుతరే,” అన్నాడు మా ఆయన తల దించుకుని. “జర్దా మీదికి మనసు పోయినప్పుడల్లా లవంగం నములుతున్న. అన్న లెక్క నేను గూడ పడిపోతె నిన్నెవరు చూస్తరు?”

అక్కడే బాట పక్కన కూలబడి, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియకుండా చాలాసేపు కూర్చున్నాను.

అలాగని నా అనుమానం పోయిందనుకోకండి. రోజూ సాయంత్రం ఆయన నోరు వాసన చూసేదాన్ని, ఆయన చిన్నపిల్లాడిలా నోరు తెరిచేవాడు, పచ్చడి జాడీ నా మంచం కిందే ఉండేది. మనవరాళ్ల పెళ్లిళ్లు చూసి మరీ పోయాడు.

ఇప్పుడు నాకూ బీపీ మాత్రలున్నాయి. “ఏసుకున్నవా అత్తమ్మా?” అని కోడలు వంటింట్లోంచి ప్రేమగానే అడుగుతుంది. వేసుకున్నా వేసుకోకపోయినా వేసుకున్నాననే అంటాను. పిచ్చిపిల్ల, వెంటనే నమ్మేస్తుంది.