సముద్రం దగ్గర పలకాల్సిన పేరు

కర్నూలులో ఇంటర్వ్యూ ముగించుకుని, రైలు కోసం బస్సులో డోన్ వెళ్తున్నాను. మాది విశాఖపట్నమని తెలియగానే పక్క సీట్లో పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"మా తమ్ముడు నేవీలో ఉండె పాపా. డెబ్బై ఒకటి యుద్ధంలో ఓడను పేల్చినారు, దాంతోనే మునిగిపాయ. ముప్పై ఏండ్లు దాటె, శవం రాల్యా. వచ్చే నెల సమాధుల పండగ. అందరూ వాళ్ళోళ్ళ సమాధికి సున్నం కొట్టి, పేరు పిలిచి కొవ్వొత్తి పెడతారు. పిలవకుంటే పెట్టినట్టు కాదు. నేను యాడ పెట్టాల?"

కర్నూలులో కొన్న ప్యాకెట్ విప్పి, మా సముద్రం దగ్గర వెలిగించమని ఒక కొవ్వొత్తి నా ఒళ్ళో పెట్టింది.

ఆ ఓడ మునిగింది పడమటి సముద్రంలోనని చదివాను. మాది తూర్పు తీరం. చెప్పకపోతే మోసం చేసినట్టే. చెబితే ఆమెకు దొరికిన ఈ ఒక్క చోటూ పోతుంది. చివరికి తల వంచుకునే చెప్పాను.

"సముద్రానికి మా చేన్ల మాదిరి గట్లుంటాయా ఏంది?" అని నవ్వింది. "నువ్వు పెట్టు పాపా."

వెల్దుర్తిలో దిగిపోయింది. బస్సు కదిలాక గుర్తొచ్చింది, అతని పేరు అడగలేదని. టికెట్ అడగడానికే నోరు పెగలని దాన్ని, కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను. "అమ్మా, మీ తమ్ముడి పేరేంటీ?"

బస్సంతా నావైపు తిరిగింది.

ఆమె బస్సు వెంట పరుగెత్తుతూ, పొలంలో ఉన్న తమ్ముణ్ణి కూటికి పిలిచినట్టు గొంతెత్తి పిలిచింది: "యేసురత్నం!"