పంటి మీద పొడి

కోవిల్‌పట్టి పళ్ళ డాక్టరమ్మ చనిపోయిందన్న మాట నాకు విరుదునగర్‌లో, పప్పుల మండీలో తెలిసింది. కోవిల్‌పట్టి నుంచి మినుముల మూటలు తెచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు. "మీ పల్లు డాక్టరమ్మ పోయిందంట పెద్దాయనా. నిన్న సాయంత్రం, గుండె నిలిచిపోయింది" అన్నాడు. అప్పటికి నా ముందుపళ్ళ మధ్య ఒక మినపగింజ ఉంది. దాన్ని కొరకలేకపోయాను. తీసి జేబులో వేసుకున్నాను.

చదివేవాళ్ళకు నా పని ఏమిటో చెప్పాలి. మండీకి వచ్చిన సరుకును కొరికి, ఎంత ఎండిందో చెప్పడం నా పని. ఎండిన గింజ టక్కున రెండవుతుంది. పచ్చిది పంటి కింద అణుగుతుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న గింజ దగ్గరే రైతుకూ మండీకీ తగవు. అక్కడ కంటికి తెలియదు, వేలికి తెలియదు. పంటికే తెలుస్తుంది. నేను నోరు తెరిచేది ఎక్కువగా దానికే. మాటలు నాకు రావు. చదువు మా ఊరి తమిళ బడిలో కొన్నాళ్ళు, ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు మా తాత నేర్పినవి. తప్పులుంటే సర్దుకోండి.

తొంభైల మొదట్లో కందుల్లో రాయి తగిలి నా పైపన్ను మూల విరిగింది. ఒకచోట అతికించారు. దీపావళికి ముందు అతికించింది దీపావళికి ఊడింది. ఇంకోచోట అతికించారు. అది ఇడ్లీ తింటుంటే ఊడింది. "పీకించెయ్యప్పా, కట్టుడుపన్ను పెట్టించుకో, తెల్లగా ఉంటాది" అన్నాడు మండీ యజమాని. కట్టుడుపంటికి గింజ సంగతి ఏం తెలుస్తుంది? ఆ పన్ను పోతే నేను మూటలు మోయాల్సిందే. ఆ వయసు అప్పటికే దాటిపోయింది.

నా భార్య బస్సెక్కించి కోవిల్‌పట్టికి తీసుకుపోయింది. ఎరువుల కొట్టు పక్కన మెట్లెక్కితే ఆస్పత్రి. అది ఒక పెద్ద డాక్టరుది. డాక్టరమ్మ అక్కడ కొత్తగా చేరింది. అందరితో తమిళమే మాట్లాడుతోంది. నేను కుర్చీలో పెదవులు బిగించి కూర్చున్నాను. నా భార్య ఊరుకోలేక మా ఇంటి తెలుగులో గొణిగింది. "నోరు తెరువయ్యా, ఆయమ్మ నిన్నేం మింగదు."

డాక్టరమ్మ నవ్వేసింది. "మేమూ మనోళ్ళే పెద్దమ్మా. నాగలాపురం పక్క" అంది. ఆ పూట నుంచి నేను పెదనాయననయ్యాను.

అద్దం పెట్టి చూసి, "పెట్టిన ముద్ద మంచిదే పెదనాయనా. పట్టే లేదు" అంది. పన్ను కోసే మిషను కొనలో తిరిగే చిన్న ముక్కను బర్ అంటారట. దాన్ని చూపించి అడిగింది.

"పాత గోడకి సున్నం ఏసే ముందర ఏం చేస్తారు?"

"గీకుతాం."

"గీకి?"

"దుమ్ము తుడుస్తాం."

"తుడవకుండా ఏస్తే?"

"పెళ్ళలు ఊడతాయి."

"అదే మీ పంటికీ అయింది. ముతక బర్‌తో గీకి వదిలేసినారు. లేదంటే అరిగిపోయిన బర్ అయి ఉంటాది. పంటిపొడి తడిలో కలిసి పంటికే మెత్తుకుంటాది. ముద్ద ఆ పొడిని పట్టుకుంటాది, పన్నుని కాదు. పొడి లేచిందంటే ముద్దా లేస్తాది."

ఆమె కొత్త బర్ విప్పి నీళ్ళు కారుతుండగా కోసింది. తర్వాత అది తీసేసి, ఇంకా సన్నది పెట్టింది. అప్పుడే పెద్ద డాక్టరు గుమ్మంలో నిలబడ్డాడు.

"గింజలు కొరికే పంటికి ఇన్ని బర్లా? పాతది ఇంకా తిరగతా ఉండాది గదా."

"తిరగతా ఉండాది సార్. కొయ్యడం లేదు, రుద్దతా ఉండాది."

"పీకి పంపితే పోలా? పల్లెటూరోళ్ళు అడిగేదీ అదే."

"పీకేదానికి నేనెందుకు సార్? పటకారు చాలు."

నా నోరు బార్లా తెరిచి ఉంది. కింద నుంచి ఆమె చెయ్యే కనబడుతోంది. యాసిడ్ రాసి కడిగింది, దూదితో ఒత్తింది, ముద్ద పెట్టి నీలిదీపం చూపింది. పెద్ద డాక్టరు ఇంకా అక్కడే ఉన్నాడు. "ఉద్దులు తెచ్చినారా పెదనాయనా?" అంది. మినుముల్ని మా ఇళ్ళలో ఉద్దులనే అంటాం. నా జేబులో ఎప్పుడూ ఉంటాయి. "కొరకండి" అంది. కొరికాను. టక్కుమంది. పెద్ద డాక్టరు లోపలికి పోయాడు.

తర్వాత ఆమె సొంతంగా ఆస్పత్రి పెట్టుకుంది. ఎప్పుడు పోయినా నన్ను ముందు గింజ కొరకమనేది. చప్పుడు విని, సరే అన్నట్టు తలాడించేది. అరిగిన బర్‌ని ఎవరూ మళ్ళీ వాడకుండా వంచి పారేసేది.

రెండువేల సంవత్సరం దాటాక, ముద్దను పంటికి పట్టించే మందు కొత్తరకం సీసాలో వచ్చింది. యాసిడ్ వేరేగా రాసి కడగక్కర్లేదు, ఒక్క సీసాతో పనైపోతుందని కంపెనీ మనిషి చెప్పాడు. ఆమె నమ్మలేదు. తానే పరీక్ష చేసి చూడాలని పీకిన పళ్ళు పోగేసింది. అదంత తేలిక కాదు. మా పల్లెల్లో పీకిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీద వేసేదాకా మనసు ఒప్పదు. నా భార్య దవడపన్ను పీకిన రోజు డాక్టరమ్మ బతిమాలింది.

"మీ కప్పుకి పల్లేంటికి పెద్దమ్మా, నాకీయండి."

"కప్పు మీద ఏం ఎయ్యాల నేను?"

"ఉత్త పేడముద్ద ఏయండి. పైనోడు విప్పి చూస్తాడా?"

నా భార్య అలాగే చేసింది. వేసేటప్పుడు ఆకాశం వైపు ఒకసారి చూసింది కూడా.

ఆ పళ్ళలో కొన్నిటిని ముతక బర్‌తో, కొన్నిటిని సన్న బర్‌తో కోసి, అన్నిటికీ కొత్త సీసా మందే రాసి ముద్ద పెట్టింది. నీళ్ళలో నాననిచ్చి, ఒక్కొక్కటీ పెరికి చూసింది. ముతక బర్ తగిలిన పంటి మీద ముద్దలు సులువుగా లేచొచ్చాయి. కంపెనీ మనిషి మళ్ళీ వచ్చినప్పుడు నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

"పెద్ద ఊళ్ళలో అందరూ ఇదే వాడతా ఉండారు మేడం."

"వాడనీ. నేనూ వాడతాను, సన్న బర్ పెట్టినాకే. సీసా మారింది, పంటి మీద పొడి మారలేదు" అంది. అతను నవ్వబోతే ఇంకో మాట అంది. "పెద్ద ఊళ్ళో ఊడితే ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు. నా దగ్గర ఊడితే, పని చెడగొట్టుకుని బస్సెక్కి నా దగ్గరికే వస్తారు."

ఆమెను సాగనంపే రోజు నేనూ వెళ్ళాను. నాకంటే ఎంతో చిన్నది. వాకిట్లో కుర్చీలు వేశారు. నా వెనక ఎవరో అంటున్నారు. "మంచిదే, కానీ మొండిది. బర్లు వంచి పారేసి పారేసి, చివరికి ఏం మిగిలింది?"

నేను సభల్లో మాట్లాడే మనిషిని కాను. వెనక్కి తిరిగి, "నా పన్ను మిగిలింది" అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. కొందరు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

మర్నాడు మండీకి పోతే బల్ల మీద కొత్త మిషను ఉంది. గింజలు పోస్తే తేమ అంకెల్లో చూపిస్తుంది. "ఇంక నీ పంటికి విశ్రాంతి తాతా. ఆ ముక్కపన్ను పీకించేసి హాయిగా ఉండు" అన్నాడు యజమాని కొడుకు. పిల్లవాడు మంచివాడే, మేలు కోరే అన్నాడు.

"పీకించను" అన్నాను.

"ఇంక దాంతో ఏం పని తాతా?"

జేబులో చెయ్యి పెట్టాను. కబురు విన్ననాడు కొరకకుండా దాచుకున్న గింజ ఇంకా అక్కడే ఉంది. ఆమె అతికించిన మూల కిందికే దాన్ని తోసి కొరికాను. టక్కుమంది. మూట విప్పుతున్న రైతు తలెత్తాడు. అరచేతిలోకి తీసి చూస్తే నల్లటి పొట్టులో రెండు బద్దలు, తెల్లగా.